మంగళవారం మా ఇంటికి వచ్చే ఆడవాళ్లు

మా వదినను చూసి నేను మొదటిసారి భయపడింది ఆషాఢంలో, బోనాల నాడు, పట్టపగలు, అంతమంది జనం మధ్యలో. అంతకుముందు ఆమెకు భయపడిన సందర్భాలు లేవని కాదు. బడి ఎగ్గొట్టి జామచెట్టు ఎక్కిన రోజు భయపడ్డాను, కొత్త లంగా చింపుకొచ్చిన రోజు భయపడ్డాను. అవన్నీ వీపు మీద పడబోయే దెబ్బల భయాలు. ఈమె ఎవరు అని భయపడటం మాత్రం అదే మొదలు.

అమ్మానాన్నలు ఒకరి వెనక ఒకరు పోయేనాటికి నేను పలక పట్టే వయసులో ఉన్నాను. ఇంట్లో పొయ్యి వెలిగించే మనిషి కావాలని చుట్టాలు అన్నకు తొందరగా పెళ్లి చేశారు. అలా వచ్చిన పిల్ల నాకు జడలు వేసింది, తలలో పేలు చూసింది, "నా తీరుగ వేలిముద్ర పెట్టుకుంట బతుకుతవా" అని తిట్టి తిట్టి నన్ను యూనివర్సిటీ దాకా తోసింది. లోకంలో ఆడబిడ్డలు వదినలను సాధిస్తారు. మా ఇంట్లో సాధింపంతా ఆమెది, పడటమంతా నాది. అది నాకు చాలా ఇష్టంగా ఉండేది.

అప్పుడు మేము తార్నాక చౌరస్తా వెనక సందులో, రెండర్రల పెంకుటింట్లో ఉండేవాళ్లం. అన్న యూనివర్సిటీలో కెమిస్ట్రీ ల్యాబు అటెండరు. నేను అక్కడే ఎమ్మెస్సీ జువాలజీలో చేరాను. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో కాలేజీలన్నీ మూతపడి చదువులు ఆగిపోయిన సంవత్సరానికి ముందు సంవత్సరం అది. పొద్దున్నే అన్నా నేనూ క్యాంపస్‌లోకి నడిచి వెళ్లేవాళ్లం. వదిన గడపలో నిలబడి, ఇద్దరిలో ఎవరు ఏం మరిచిపోయారో గుర్తు చేస్తూ అరిచేది. సందు మలుపు తిరిగినా ఆ అరుపు వినబడేది.

ఆమెకు పిల్లలు కలగలేదు. మా సందులో ఎవరికి సీమంతమైనా మాకు పిలుపు వచ్చేది కాదు. పక్కింటి పెద్దమ్మ, సందుకంతటికీ పెద్ద దిక్కు, ఎదురుగా ఏమీ అనేది కాదు గానీ పొద్దున్నే మా వదిన ఎదురైతే ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ బయలుదేరేది. వదిన అది చూసి నవ్వేది. "నాకు పిల్లలెందుకు, ఈ ఆడబిడ్డ ఒక్కతే నలుగురి పెట్టు" అని నా నెత్తిన మొట్టేది. నవ్వడం నిజమే. ఆ తర్వాత చాలాసేపు గిన్నెలు చప్పుడయ్యేలా తోమడమూ నిజమే.

బోనాలకు అమ్మవారు పూనిందని శిగం ఊగే ఆడవాళ్లంటే ఆమెకు మహా వేళాకోళం. జుట్టు విరబోసుకుని, కళ్లు తేలేసి, మా సందులో ఎవరెవరు ఎలా ఊగుతారో ఇంట్లో వేసి చూపించేది. "ఇంట్ల మొగడు మాట వినడు, గుడికాడనన్న అందరు వింటరని ఊగుతరు" అనేది. అన్న తిట్టేవాడు, నేను నేలమీద పడి నవ్వేదాన్ని. అందుకే ఆ రోజు ఆమె మొదలుపెట్టినప్పుడు, అమ్మవారి ముందరే నాటకమా అని నాకు నవ్వొచ్చింది.

నెత్తిన బోనం, దాని మీద దీపం, చుట్టూ వేపాకులు. నడుస్తున్నదల్లా ఆగి, ఏదో మాడుతున్నదని, పొయ్యి మీద పాలు పెట్టి మరిచొచ్చావా అని నన్ను అడిగింది. లేదన్నాను. ఆమె తల మెల్లగా ఎడమవైపు తిరిగింది, ఎవరో పిలిచినట్టు. ఎడమచెయ్యి బోనం వదిలేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. పెదాలు ఏదో నములుతున్నట్టు కదిలాయి. అప్పుడు కళ్లు చూశాను. నన్ను దాటి ఎటో చూస్తున్నాయి, వాటిలో వేళాకోళం లేదు, అసలు మా వదినే లేదు. 

పెద్దమ్మ చప్పున బోనం పట్టుకుంది. డప్పులవాళ్లు దగ్గరికి వచ్చి ఇంకా గట్టిగా కొట్టారు. ఎవరో కాళ్ల మీద పసుపునీళ్లు పోశారు, ఎవరో వేపమండలు చేతికిచ్చారు. ఎవరొచ్చారు తల్లీ, ఏం కావాలి తల్లీ అని పెద్దమ్మ అడుగుతూనే ఉంది. కాసేపటికి చెయ్యి కొట్టుకోవడం తగ్గింది. వదిన చుట్టూ చూసింది. చేతులు జోడించి నిలబడ్డ అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసి, తడారిన నోటితో, అందరూ మంచిగుంటారు అంది. ఆడవాళ్లంతా వంగి దండం పెట్టారు. ఎప్పుడూ ఒక అడుగు వెనక్కి వేసే పెద్దమ్మ ముందుకొచ్చి ఆమె కాళ్లు పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం దాకా వదిన లేవలేదు. తల పగిలిపోతున్నదని పడుకుంది. ఏం జరిగిందో ఆమెకు గుర్తు లేదు. పాలు మాడిన వాసన ఒక్కటే గుర్తుంది. అది పాలు కాదు, అమ్మవారు వచ్చే ముందు వచ్చే మైసాక్షి సాంబ్రాణి పొగ అని పెద్దమ్మ తేల్చేసింది. నేను ఎమ్మెస్సీ చదువుతున్న మనిషిని, కప్పను కోసి నరాలు వేరుచేసి చూపించగల మనిషిని. అయినా నోరెత్తలేదు. నమ్మానని చెప్పలేను. నమ్మకుండా ఉండే ధైర్యమూ లేదు. నేను నమ్మకపోతే ఆమెకు ఏమైనా అవుతుందేమోనని భయం.

మంగళవారం వచ్చేసరికి మా వాకిట్లో ఆడవాళ్లు. ముందు మా సందువాళ్లు, తర్వాత బౌద్ధనగర్ నుంచి, సీతాఫల్‌మండి నుంచి. కొబ్బరికాయ, పసుపు, రవికగుడ్డ పట్టుకుని పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్లు. అమ్మవారు పిలిస్తే వచ్చేది కాదు కదా, వస్తే రావచ్చు, లేకపోతే లేదు. వాళ్లు మాత్రం ఓపిగ్గా కూర్చుని, మా మంచినీళ్లు తాగి, మా సందు కబుర్లన్నీ చెప్పుకుని, సాయంత్రానికి లేచి వెళ్లేవాళ్లు. అమ్మవారు వచ్చిన రోజున అక్కడ ఉన్నవాళ్లది అదృష్టం. కొడుకుకు నౌకరీ దొరుకుతుందా అని ఒకామె, తాగుడు మానతాడా అని ఒకామె. వదిన తేరుకుంటూ ఒక మాట అనేది. ఆ మాట పట్టుకుని వాళ్లు కళ్లు తుడుచుకుంటూ పోయేవాళ్లు.

సీతాఫల్‌మండి నుంచి వచ్చే ఆమె రైల్వే గ్యాంగులో పనిచేసే అతని భార్య. వరసగా గర్భాలు పోయాయి. మళ్లీ నెల తప్పి, నడవడానికే భయపడుతూ వచ్చి, ఏమీ అడగకుండా మూల కూర్చునేది. ఒక మంగళవారం వదిన తేరుకుని, ఆమెనే చూసి, ఈసారి నిలుస్తుంది పో అంది. ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేదు.

ఆ శ్రావణంలో మా సందులో ఒక సీమంతానికి వదినను పిలిచారు. పిలవడమే కాదు, మొదటి పసుపు ఆమెతోనే పెట్టించారు. రెండు చేతులకూ నిండుగా గాజులు వేయించుకుని ఇంటికొచ్చి, అద్దం ముందు చాలాసేపు కూర్చుంది. నన్ను పిలిచి గాజులు చూపించింది. ఆమె మొహం అంత వెలుగుగా నేనెప్పుడూ చూడలేదు. నాకు సంతోషమైంది. ఆ సంతోషం కిందే, ఆమె చేతిని చూస్తూ, ఇది మళ్లీ ఎప్పుడు కొట్టుకుంటుందో అన్న భయం కూడా ఉంది.

భయం అప్పటినుంచి మా ఇంట్లో కాపురం పెట్టింది. అమ్మవారు వచ్చేది మంగళవారాలే కాదు, ఏ రోజైనా, ఏ పూటైనా. ఒకసారి కిరసనాయిల్ స్టవ్ పక్కనే పడింది, కొంగు అంటుకోలేదు అంతే. ఆ తర్వాత నేను కాలేజీకి వెళ్లేముందు స్టవ్ ఎత్తి పెద్దమ్మ ఇంట్లో పెట్టేదాన్ని, బావి చేద తీసి దాచేదాన్ని, కత్తిపీట అటక మీదికి ఎక్కించేదాన్ని. ల్యాబులో సూక్ష్మదర్శిని మీద కన్ను పెట్టి కూర్చున్నా చెవులు మాత్రం తార్నాకలోనే ఉండేవి. ఎక్కడైనా గిన్నె కింద పడ్డ చప్పుడైతే గాజుపలక పక్కన పెట్టి లేచి నిలబడేదాన్ని. మధ్యాహ్నం గంట కొట్టగానే క్యాంపస్ రోడ్డు మీద పుస్తకాలు పట్టుకుని పరుగెత్తేదాన్ని. సందు మలుపు తిరిగేముందు ఒక్క క్షణం ఆగేదాన్ని. మా వాకిట్లో జనం గుమిగూడి ఉంటారేమో, దేనికి గుమిగూడి ఉంటారో అని.

ఆమె స్వభావం కూడా మారింది. తిట్టడం ఎప్పుడూ ఉండేదే. కానీ ఇప్పుడు తిట్లలో నేను ఎన్నడూ వినని మాటలు. ఒకరోజు అన్నం వేడిగా లేదని పళ్లెం అన్న మీదికి విసిరింది. కాసేపటికి ఏమీ జరగనట్టు, పళ్లెం అక్కడెందుకు పడి ఉన్నదని అడిగింది. అన్నం తినేటప్పుడు పళ్లెంలో కుడివైపు అన్నమే తినేది, ఎడమవైపు ముద్ద అలాగే ఉండిపోయేది. ఇంకా కావాలా అంటే ఏమీ పెట్టలేదు కదా అనేది. పళ్లెం తిప్పి పెడితే మిగిలింది తినేది. ఎడమ భుజం ఎప్పుడూ దర్వాజాకు తగిలేది. పొద్దున లేవగానే కక్కేది. పెద్దమ్మ అన్నింటికీ ఒకటే చెప్పేది, అమ్మవారు ఉన్న ఒళ్లు అలాగే ఉంటుందని. వారానికి రెండు ఒక్కపొద్దులు కూడా ఉంచింది. ఆకలితో ఉన్న రోజు పూనకాలు మరీ ఎక్కువ వచ్చేవి. ఎక్కువ వస్తే అమ్మవారికి తృప్తి అయినట్టు లెక్క.

 అన్న ల్యాబు నుంచి వచ్చి బియ్యం కడిగేవాడు, ఆమె వాంతి ఎత్తిపోసేవాడు, ఆమె పడుకున్నాక పక్కన కూర్చుని చేతికి నూనె రాసేవాడు. ఎంతసేపు రాసినా ఆ చెయ్యి బిగుసుకునే ఉండేది.

ఒక మంగళవారం నేను కాలేజీకి వెళ్లలేదు. అందుకే అది నా కళ్లముందే జరిగింది. రామంతాపూర్ నుంచి వచ్చిన ఒక ముసలామె, ఇది నిజంగా అమ్మవారేనా అని సందేహపడింది. పెద్దమ్మకు పౌరుషం వచ్చింది. వదిన చెయ్యి కొట్టుకోవడం ఆగీ ఆగగానే, ఆ ఎడమ అరచేతిలో కర్పూరం బిళ్ల పెట్టి వెలిగించింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి అది మండుతూ ఉంది. వదిన ఆ మంట వైపు చూడను కూడా లేదు. తోలు కాలిన వాసన వస్తున్నది. చూశారా, చెయ్యి కాలినా తల్లికి తెలియలేదు అని పెద్దమ్మ గర్వంగా అంటున్నది. ఆడవాళ్లంతా చెంపలు వేసుకుంటున్నారు.

నేను ఆ కర్పూరాన్ని చేత్తో కొట్టి పారేశాను. నాకు కోపం వస్తే మాటలు కుదురుగా రావు. ఏమన్నానో పూర్తిగా గుర్తు లేదు. లేవండి, నడవండి, మళ్లీ ఈ గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతాను అన్నానని తర్వాత సందులోవాళ్లు చెప్పారు. కొబ్బరికాయలు తీసి సందులోకి విసిరాను. పెద్దమ్మ శాపనార్థాలు పెట్టుకుంటూ వెళ్లింది. అందరూ పోయాక, తేరుకున్న వదిన నన్ను చూసింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"మా ఇంటికొచ్చినోళ్లను ఎల్లగొట్టెతందుకు నువ్వెవరు?" అంది. "ఇన్నేండ్లు ఒక్కరన్న మన కడప తొక్కిండ్రా? ఇప్పుడిప్పుడు నన్ను మనిషి లెక్క చూస్తున్నరు. అది గూడ నీకు సుఖం లేదా?"

 ఆమె అరచేతిలో బొబ్బ లేస్తున్నది. దాని మీద వేలు పెట్టి, నొప్పిగా ఉందా అని అడిగాను. లేదంది. గట్టిగా నొక్కాను. ఎక్కడ నొక్కుతున్నావని అడిగింది.  ఇది అమ్మవారు వచ్చినప్పటి సంగతి కాదు. అమ్మవారు వెళ్లిపోయాక కూడా ఆ చెయ్యికి ఏమీ తెలియడం లేదు.

బొబ్బకు మందు వేయిద్దామని చెప్పి మర్నాడు యూనివర్సిటీ డిస్పెన్సరీకి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ కట్టు కడుతూ మధ్యలో ఆగి, చేతిని సూదితో గుచ్చి చూసింది. తర్వాత దీపం వేసి కళ్లలోకి చూసింది, ఒక కంట్లోకి చాలాసేపు, ఇంకో కంట్లోకి ఇంకా ఎక్కువసేపు. ఎంతకాలంగా అని నన్ను అడిగినప్పుడు ఆమె గొంతు మారింది. అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపింది.

పెద్దాసుపత్రిలో మెడ నరంలోకి మందు ఎక్కించి తలకు ఎక్స్‌రే తీశారు. ఆ గదిలోంచి వదిన కేక వినబడితే అన్న గోడకు తల ఆనించి నిలబడ్డాడు. పెద్ద డాక్టరు నన్ను ఒక్కదాన్నే పిలిచి ఇంగ్లీషులో చెప్పాడు, చదువుకున్నదాన్ని కాబట్టి. మెదడులో కుడివైపు గడ్డ ఉంది. ఆ మూర్ఛలూ, ఆ మాడిన వాసనా, కోపమూ, చెయ్యి మొద్దుబారడమూ అన్నీ దానివే. చూస్తే మంచి రకం గడ్డలా లేదు, కాన్సర్ కావచ్చు. తియ్యకపోతే ముందు చూపు పోతుంది, ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు ఉండదు. తీసినా మళ్లీ పెరగవచ్చు, కానీ కొంత కాలం దక్కుతుంది. ఆలస్యం చేయకండి అన్నాడు.

నేను తలూపాను. పరీక్షలో అప్పజెప్పాల్సిన పాఠంలా ప్రతి మాటా గుర్తుపెట్టుకున్నాను. బయటికి వస్తే అన్న ఒకటే అడిగాడు, బతుకుతదా అని. ఆపరేషన్ చేస్తే, అని మొదలుపెట్టి, చూడాలి, డాక్టరు, వాళ్లు, అని ఏదో గొణిగాను.  ఆ రోజు నుంచి అన్న నా మొహం వైపు చూడటం మానేశాడు. అన్నం కలుపుకుని అలాగే కూర్చునేవాడు. ల్యాబులో రెండు గాజు జాడీలు పగలగొట్టాడని ఎవరో చెప్పారు. అంతవరకు అతని చేతిలోంచి ఒక్క పరీక్షనాళిక కూడా జారలేదు.

వదినకు గడ్డ సంగతి చెప్పాం, కాన్సర్ మాట చెప్పలేదు. ఆమె ఆపరేషన్ వద్దంది. ఎంత చెప్పినా వద్దనే. తల గొరిగితే తాను బయటికి ఎలా వెళ్తానంది. అమ్మవారు కూర్చున్న తలను కత్తి పెట్టి కోస్తారా అంది. అన్న బతిమాలాడు. నేను బతిమాలాను, కోప్పడ్డాను, అన్నం మానేశాను. ఆడబిడ్డ అన్నం మానేస్తే వదిన కడుపు నిండుతుందా అని ఎగతాళి చేసింది. ఆ ఎగతాళిలో పాత వదిన కనిపించి, పక్కింటివాళ్లకు వినబడేలా ఏడ్చాను. ప్రతి రోజూ పొద్దున ఆమె లేవగానే చేతివేళ్లు ఆడించి, ఇవి ఎన్ని అని అడిగేదాన్ని. సరిగ్గా చెబితే ఆ రోజుకు బతికిపోయినట్టు. ఒక పొద్దున తలుపు దగ్గర నిలబడి ఉన్న నన్ను, ఎవరది అని అడిగింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసి, నువ్వేనా అంది. ఆ రోజు నేను కాలేజీకి వెళ్లే పని పెట్టుకోలేదు.

ఆ ఆదివారం, నువ్వు చదివే బడి చూస్తా పద అంది. ఇన్నేళ్లుగా తార్నాకలో ఉండి, మమ్మల్ని రోజూ అక్కడికి తరిమి, తను ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. ఆమెకు ఎడమవైపు నేను నడిచాను, అటు ఆమెకు ఏమీ కనబడదు కాబట్టి. సెలవు కావడం వల్ల రోడ్డు ఖాళీగా ఉంది. పెద్ద రాతి భవనం ముందు మెట్లు చూసి, ఇన్ని మెట్లెక్కి చదివేవాళ్లకు చదువు రాక ఏం చేస్తుంది అంది. నాలుగు మెట్లెక్కి ఆయాసంతో కూర్చుంది. ఎండ తగ్గింది. కుడిచేత్తో ఆ రాయిని నిమిరింది.

"నువ్వు గీ చదువు చదివినవు గద. నాకు నిజం చెప్పు. అమ్మవారా, గడ్డనా?"

 అమ్మవారంటే ఆపరేషన్‌కు రాదు. గడ్డ అంటే, సందులో ఆమెకు దక్కిన ఆ కాస్త మర్యాదను నా నోటితో నేనే లాక్కోవాలి. ఆ గాజుల చేతులు, అద్దం ముందు ఆ మొహం గుర్తొచ్చాయి. అయినా ఆమె చూపు పోవడం నేను చూడలేను.

"గడ్డనే వదినె" అన్నాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తలూపింది అంతే. తనకూ అలాగే అనిపించిందని మెల్లగా చెప్పింది. మూర్ఛలో ఏం జరిగేదో ఎన్నడూ గుర్తుండేది కాదట. కళ్లు తెరిచేసరికి చుట్టూ ఆడవాళ్లు, చేతులు జోడించి, ఏడుపు మొహాలతో. ఎవరు ఏం అడిగారో కూడా తెలిసేది కాదు. వాళ్లను ఉత్త చేతులతో పంపబుద్ధి కాక, మొహం చూసి ఒక మంచిమాట చెప్పేదట. అమ్మవారు చెప్పిన మాటలన్నీ ఆమె చెప్పినవే, పూర్తి తెలివితో. "సీతాఫల్‌మండి పిల్లకు ఇది తెల్వనియ్యకు. నీళ్లాడి బిడ్డ చేతికొచ్చినంక కావాలంటె చెప్పు. ఇప్పుడు తెలిస్తే ఆ భయానికే పోతది" అంది. తనకు వచ్చేది అమ్మవారు కాదు, గడ్డేనని అప్పుడే ఒప్పుకున్న మనిషి అడిగిన మొదటి సంగతి అది.

అలాగే అన్నాను. ఆపరేషన్‌కు వస్తావా అని అడిగాను. వస్తానంది. వెంటనే, అయితే నువ్వొక పని చెయ్యాలి అంది.

"ఇందరికి మంచిమాట చెప్పిన. నాకు ఒక్కరు చెప్పలే. నువ్వు చెప్పు. బతుకుతవు అను."

నేను నేల చూస్తూ, బతుకుతావు అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. డాక్టరు ఇంగ్లీషులో చెప్పిన మాటలన్నీ చెవుల్లో గింగురుమంటున్నాయి.

గడ్డం పట్టుకుని నా మొహం పైకెత్తింది. "గట్ల గాదు. నేల చూసుకుంట చెప్తే ఎవరు నమ్ముతరు? కండ్లలకు చూడాలె. భయపడొద్దు, నీకు భయమైతే ఎదుటోళ్లకు ఇంక భయమైతది. మల్ల చెప్పు."

చూశాను. ఆమె ఎడమ కన్ను కొంచెం పక్కకు పోయి ఉంది. కుడి కన్ను మాత్రం నిలకడగా నన్నే చూస్తున్నది, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పించుకున్నప్పుడు చూసినట్టు. గొంతు వణకకుండా ఆపుకున్నాను.

"బతుకుతవు వదినె. మంచిగైతవు."

ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. ఇంకోసారి. అప్పటికి నా గొంతు కుదుటపడింది. ఆమె నమ్మిందా అని మొహంలో వెతికాను. ఆ మొహంలో నమ్మకం లేదు. నేను పాఠం సరిగ్గా అప్పజెప్పానా లేదా అని చూస్తున్నది.

"మంచిగొచ్చింది" అంది, నా భుజం పట్టుకుని లేస్తూ. "ఇంటికి పోయి మీ అన్నకు గిట్లనే చెప్పు. రెండు బుక్కలు తింటడు."

ఆ సాయంత్రం అన్న ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూసి చెప్పాను. అన్న నమ్మాడు. తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న వదిన, అతను అన్నం తినడం పూర్తయ్యేదాకా కుడివైపుకు తల తిప్పి చూస్తూనే ఉంది. ఆపరేషన్ తర్వాత ఆమె మళ్లీ వచ్చిన బోనాల దాకా బతకలేదు. ఆఖరి రోజున కూడా ఆసుపత్రి వరండాలో అన్న నన్ను అదే అడిగాడు, బతుకుతదా అని. నేను అలాగే, తడబడకుండా చెప్పాను.